టర్బైను సరే, తట్ట ఏదీ?

నార్వే దేశపు పడమటి తీరాన టిస్సెడాల్ అని ఒక చిన్న ఊరుంది. నిటారు కొండల మధ్యకు సముద్రపు పాయ ఒకటి పొడుగ్గా చొచ్చుకొచ్చి ఉంటుంది. ఆ పాయ ఒడ్డున, కొండ కాలి దగ్గర ఒక పొడుగాటి భవనం. దూరం నుంచి చూస్తే చర్చో కోటో అనిపిస్తుంది గానీ, అది కరెంటు తీసిన ఇల్లు. సుమారు 400 మీటర్ల ఎత్తు నుంచి ఇనప గొట్టాల్లో నీళ్ళు దూకి వచ్చి ఇక్కడ టర్బైన్లను తిప్పేవి. 1908లో తిరగడం మొదలుపెట్టిన ఈ కేంద్రం 1989లో ఆగిపోయింది. ఆగిన యంత్రాలను ఆగినచోటే ఉంచి, భవనాన్ని జలవిద్యుత్తు, పరిశ్రమల చరిత్రకు మ్యూజియం చేశారు. 2000లో దాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించారు.

మేం అక్కడికి పోయి చూసినవాళ్ళం కాదు. దాని గురించి చదివినవాళ్ళం, ఫొటోలు చూసినవాళ్ళం. అయినా రాయాలనుకున్నాం. దళిత అధ్యయనాల పత్రికలో నార్వే ముచ్చట ఎందుకని అడిగేవాళ్ళకు మా జవాబు ఒకటే. చరిత్రను దాచిపెట్టే పని ఎవరి చేతుల్లో ఉంటే, ఆ చరిత్రలో మనుషులుగా మిగిలేది వాళ్ళే. మనకు శాసనాల్లో చోటు లేదు, పురాణాల్లో రాక్షసుల పాత్ర దొరికింది. ఇప్పుడు యంత్రాల యుగం కూడా పాతబడి మ్యూజియాల్లోకి పోతున్నది. అందులోనూ మన పాలికి తట్టమోసే నీడగా మిగలడమేనా అన్నది తేల్చుకోవాలి. తేల్చుకోవాలంటే ఎక్కడ ఎట్లా చేశారో చూడాలి గదా.

టిస్సెడాల్ వాళ్ళు చేసిన ఒక మంచి పనిని ముందు ఒప్పుకుందాం. ఆ కరెంటు పోయింది పక్కనున్న ఓడ్డా అనే ఊళ్ళోని కార్బైడ్ ఫ్యాక్టరీకి. మన దగ్గర మామిడికాయలు మాగేసే దొంగవ్యాపారం వల్ల అందరికీ తెలిసిన కార్బైడే అది. దాని నుంచి సయనమైడ్ అనే ఎరువు కూడా చేసేవారు. బ్రిటిష్ పెట్టుబడితో లేచిన ఆ ఫ్యాక్టరీ ఒక కాలంలో ప్రపంచంలోకెల్లా పెద్ద కార్బైడ్ ఫ్యాక్టరీల్లో ఒకటి. నాలుగిళ్ళ రైతుల ఊరు కొద్ది ఏళ్ళలో వేలమంది కార్మికుల పట్నమైంది. మ్యూజియం వాళ్ళు టర్బైన్లతో ఆపలేదు. కార్మికుల పాత ఇళ్ళను కూడా తీసుకుని, ఒక్కో కాలంలో ఆ గదులు ఎట్లా ఉండేవో అట్లా సర్ది పెట్టారు. ఇరుకు వంటగది, ఒకే గదిలో అందరి పడకలు. యంత్రం ఎంత ముఖ్యమో పొయ్యి అంత ముఖ్యమని అనుకోవడం చిన్న విషయం కాదు. మన దేశంలో ఇంజనీరు కోటు, కళ్ళజోడు, నడిచిన కర్ర అద్దాల పెట్టెలో పెట్టే అలవాటే గానీ, రాళ్ళు మోసిన ఆడమనిషి తలగుడ్డ చుట్టను పెట్టే అలవాటు లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. నార్వేలో 1906 నుంచి 1917 దాకా వచ్చిన చట్టాల వల్ల ప్రైవేటు కంపెనీలకు జలపాతాలు శాశ్వతంగా దక్కకుండా అయ్యింది. లైసెన్సు గడువు తీరాక పరిహారం లేకుండానే జలపాతమూ దాని మీద కట్టిన విద్యుత్ కేంద్రమూ ప్రభుత్వానికి రావాలి. నీళ్ళు జాతి సొత్తు అనే మాటను చట్టంలో రాసుకున్నారు. ఈ వెనకరంగం ఉండబట్టే అక్కడి మ్యూజియం 'ఇది మనది' అని తడబాటు లేకుండా చెప్పగలుగుతున్నది. జాతి సొత్తు అన్నప్పుడు ఆ జాతిలో ఎవరున్నారు అన్నది మా ప్రశ్న. అది నార్వేను కూడా వదలదు.

ఉత్తర నార్వేలో సామీలనే ఆదివాసులున్నారు. దుప్పుల మందలు మేపుకునేవాళ్ళు. ఆల్టా నది మీద డ్యాం కడతామన్నప్పుడు వాళ్ళు ఎదురు తిరిగారు. 1979లో రాజధాని ఓస్లోలో పార్లమెంటు ఎదుట గుడారం వేసి నిరాహార దీక్ష చేశారు. వందలమంది పోలీసులను దింపి నిరసనకారులను లాగేశారు. 1982లో సుప్రీంకోర్టు ప్రభుత్వం పక్షానే చెప్పింది. 1987లో కేంద్రం పూర్తయింది. ఓడిన ఆ పోరాటం నుంచే 1989లో సామీల పార్లమెంటు పుట్టింది. టిస్సెడాల్ వేరు, ఆల్టా వేరు, ఊళ్ళూ నదులూ వేరని అనొచ్చు. కానీ ఒక దేశపు జలవిద్యుత్తు చరిత్రను చెప్పే కథలో, కొండలు తొలిచిన వలస కూలీని వీరుణ్ణి చేసి పాటలు కట్టుకున్న సంప్రదాయం ఉంది. నది పోగొట్టుకున్నవాడికి అట్లాంటి పీట లేదు. కట్టినవాడు కథానాయకుడు, కోల్పోయినవాడు సమస్య. అక్కడ వర్గం మ్యూజియంలోకి వచ్చింది, జాతి గుమ్మం దగ్గర నిలబడింది. ఇది మనకు బాగా తెలిసిన గుమ్మమే.

ఓడ్డా ఫ్యాక్టరీ 2003లో దివాలా తీసి మూతపడ్డది. ఆ షెడ్లను కాపాడాలా, కూలగొట్టాలా అని ఊరు రెండుగా చీలిపోయింది. రియూకన్, నోటోడెన్ ఊళ్ళతో పాటు ఓడ్డా, టిస్సెడాల్‌లను కూడా ప్రపంచ వారసత్వ జాబితాలోకి తేవాలని మొదట అనుకున్నారు. 2015లో యునెస్కో జాబితాకెక్కింది మాత్రం ఆ రెండు ఊళ్ళే. చదువుకున్నవాళ్ళకు కూలగొట్టమన్న మాట అజ్ఞానంగా కనిపించవచ్చు. మాకట్లా అనిపించదు. ఓడ్డా ముందున్న సముద్రపు పాయ ఫ్యాక్టరీల వ్యర్థాలతో, బరువు లోహాలతో విషమైపోయిన చోటు. ఆ పొగ పీల్చినవాడికి ఆ చిమ్నీ అందమైన గుర్తు కావాలన్న రూలేమీ లేదు. మన వాడలు పాతవే అయినా వాటిని వారసత్వ కట్టడాలని ఎవరూ అనలేదు, మనమూ అడగలేదు. దేన్ని కాపాడాలి అనే ప్రశ్నకు, అందులో బతికినవాడు ఏమంటున్నాడు అన్నది మొదటి జవాబు కావాలి.

ఇక మన వైపు వద్దాం. టిస్సెడాల్ కంటే ఆరేళ్ళ ముందే, 1902 జూన్‌లో, మైసూరు సంస్థానంలో కావేరి మీద శివసముద్రం దగ్గర జలవిద్యుత్ కేంద్రం తిరిగింది. ఈ కథను పాఠ్య పుస్తకాలు ఎట్లా చెప్తాయో అందరికీ తెలుసు. దివాన్ శేషాద్రి అయ్యర్ దూరదృష్టి, ఇంజనీరు లోబినియేర్ పథకం, విదేశాల నుంచి వచ్చిన యంత్రాలు, 1905లో బెంగుళూరు వీధుల్లో దీపాలు. శేషాద్రి అయ్యర్ 1901లోనే చనిపోయి ఆ వెలుగు చూడలేదని ఒక నిట్టూర్పు. ఆ బరువైన యంత్రాలను ఏనుగులు లాగాయని కూడా చెప్తారు. ఏనుగులు గుర్తున్నాయి. వాటి ముందు బాట వేసినవాళ్ళు, పొదలు కొట్టినవాళ్ళు, కొండ అంచున కాలవ తవ్వినవాళ్ళు ఎవరికీ గుర్తు లేరు. వాళ్ళ పేర్లు కూలి పట్టీల్లో ఉండి ఉంటాయి. కూలి పట్టీలను వారసత్వం అని ఎవరు దాస్తారు?

పాఠ్య పుస్తకం బెంగుళూరు దీపం దగ్గర ఆగుతుంది. మేం తీగ వెంట నడుద్దామంటాం. శివసముద్రం కరెంటు పుట్టింది బెంగుళూరు కోసం కాదు. 147 కిలోమీటర్ల దూరంలో ఉన్న కోలారు బంగారు గనుల కోసం. ఆనాటికి ప్రపంచంలోనే అంత దూరం కరెంటు పంపిన లైన్లు చాలా అరుదు. అంత తీగ, అంత ఖర్చు ఎందుకంటే, గనుల్లో అప్పటిదాకా ఆవిరి యంత్రాలకు బొగ్గు, కట్టెలు తగలేస్తుండేవారు. గని లోతు పెరిగే కొద్దీ నీళ్ళు తోడడం, రాయి పైకి లాగడం, ముడిరాయి పిండికొట్టడం భారమైంది. కరెంటు వచ్చి ఆ భారం తీర్చింది. 1905లో కోలారు బంగారం ఉత్పత్తి శిఖరానికి చేరింది. జాన్ టేలర్ కంపెనీ వాటాదార్లకు లండన్‌లో లాభాలు, మైసూరు ఖజానాకు రాయల్టీ. తర్వాత కన్నంబాడి దగ్గర కృష్ణరాజసాగరం కట్టాలని వాదించినప్పుడు కూడా గనుల కరెంటు ఎండాకాలం ఆగకుండా ఉండటం ఒక పెద్ద కారణం. మండ్య రైతు పొలానికి నీళ్ళు అన్నది మనం విన్న కథ. దాని పక్కనే గని కథ ఉంది.

తీగ చివర ఎవరున్నారు?

గనుల్లో దిగినవాళ్ళలో ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు, సేలం వైపు నుంచి వచ్చిన తమిళ అంటరాని కులాలవాళ్ళు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే దాకా ఉత్తర ఆర్కాటులో తెలుగు తాలూకాలు కూడా ఉండేవి. అటునుంచి వచ్చిన తెలుగు దళితులూ గనుల్లో దిగారు. కరువు తరిమితే, ఊరి దొరల వెట్టి తరిమితే, మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు పట్టుకుని వచ్చారు. కంపెనీ వాళ్ళను లోపలికి తీసుకుంది జాలితో కాదు, బ్రిటిష్ దొరకు కులపట్టింపు లేదనీ కాదు. పైన పనులు వేరేవాళ్ళకు పోయాయి. కావలికి పంజాబీలను పెట్టారు. దొరలకు బంగళాలు, క్లబ్బు, గోల్ఫ్ మైదానం. కె.జి.ఎఫ్.ను 'చిన్న ఇంగ్లండు' అని ఇప్పటికీ ముద్దుగా పిలుచుకుంటారు. ఆ ఇంగ్లండు చుట్టూ కూలి లైన్లు, తడికె గుడిసెలు. ఊరు, వాడ పోయి దొరపేట, లైను వచ్చాయి, అంతే. మనుస్మృతి చదవని ఇంజనీరు గీసినా పటం అట్లాగే వచ్చింది.

కె.జి.ఎఫ్. దేశంలో అందరికంటే ముందు కరెంటు చూసిన ఊళ్ళలో ఒకటని గొప్పగా చెప్తారు. నిజమే. ఆ ఊళ్ళో ఏ వాడ? బంగళాలో బల్బు ఏ ఏడు వెలిగింది, లైన్లో ఏ ఏడు వెలిగింది? కోలారులో ఎప్పుడైనా జలవిద్యుత్తు, పరిశ్రమల మ్యూజియం కడితే గోడ మీద రాయాల్సిన మొదటి రెండు అంకెలు ఇవే. ఆ రెంటి మధ్య ఎన్నేళ్ళు ఉన్నాయో అదే కుల చరిత్ర. మరుగుదొడ్ల మాటకొస్తే, 2011 నాటికి కూడా కె.జి.ఎఫ్.లో చేతులతో మలం ఎత్తే పాకీ పని నడుస్తున్నదని వార్తలొచ్చాయి. 1902లో కరెంటు వచ్చిన పట్నం సంగతి ఇది! ఇరవయ్యో శతాబ్దం తెల్లారుతుండగానే కావేరి నీళ్ళు 147 కిలోమీటర్లు తీగ మీద నడిచొచ్చాయి. లైన్లో దొడ్డి కడగడానికి బిందెడు నీళ్ళు పైపులో రావడానికి వందేళ్ళు చాలలేదు. సాంకేతిక జ్ఞానం కులాన్ని తుడిచేస్తుందనే మన ప్రగతిశీల మిత్రులు ఈ ఒక్క లెక్కకు జవాబు చెప్పాలి.

లోపలి పని గురించి కొంచెం చెప్పాలి. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు పోయింది. లోతులో రాయి వేడిగా ఉంటుంది, నిలబడితేనే చెమట కారుతుంది. కొండ బరువుకు గోడలు ఉన్నట్టుండి పేలతాయి. దాన్ని రాక్‌బర్స్ట్ అంటారు. పేలినప్పుడు పైన ఊళ్ళో గిన్నెలు కదిలేవి, ఆడవాళ్ళు షాఫ్టు దగ్గరికి పరిగెత్తేవాళ్ళు. చావులో మిగిలినవాడిని రాతిధూళి తినేది. 1940లలో చేసిన వైద్య పరీక్షల్లో, చూసిన కార్మికుల్లో 100కి 40 మందికి పైగా సిలికోసిస్ ఉన్నట్టు తేలింది. బయటికొస్తే ఒంటి మీద బట్ట విప్పి సోదా. బంగారం దొంగతనం మీద ప్రత్యేక చట్టాలు. దొరికిన బంగారమంతా తవ్విన చెయ్యి తప్ప అందరిదీ! 1930 ఏప్రిల్‌లో కంపెనీ కార్మికులందరి వేలిముద్రలు తీసి రిజిస్టరు చేస్తామన్నది. వేలిముద్రలు తీసేది దొంగలకు, మేం దొంగలమా అని వేలమంది పని ఆపేశారు. రెండు వారాలకు పైగా గనులు నిలిచాయి. జీతం కోసం కాదు, గౌరవం కోసం జరిగిన సమ్మె అది. నేరస్థ జాతులని పేరుపెట్టి ముద్రలు తీసిన ఆనాటి రాజ్యంలో, అంటరానివాళ్ళు ఆ ముద్రను కాదన్నారు. మన కార్మికోద్యమ చరిత్రల్లో దీనికి ఇచ్చిన చోటెంత? గిర్నీ కార్మికుల సమ్మెలకు ఇచ్చినంతలో వందో వంతు కూడా లేదు.

సమ్మె ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆ లైన్లలో అప్పటికే చదువుకునే మనుషులున్నారు. 1898లో మద్రాసులో శాక్య బౌద్ధ సంఘం పెట్టిన పండిత అయోతీదాసు ఉద్యమానికి కోలారు గనులు పెద్ద కోట. మారికుప్పంలో, చాంపియన్ రీఫ్‌లో బౌద్ధ సంఘాలు నడిచాయి. అయోతీదాసు 1907లో మొదలెట్టిన 'తమిళన్' పత్రికను ఆయన పోయాక, 1920లలో మళ్ళీ తీసుకొచ్చింది కె.జి.ఎఫ్.లోని అప్పాదురైయార్. సిద్ధార్థ అనే పేరుతో అచ్చాపీసు పెట్టి పుస్తకాలు వేశారు. పగలు గనిలో దిగి రాత్రి ధమ్మం చదువుకున్న మనుషులు వాళ్ళు. అంబేడ్కర్ నాగపూరులో 1956లో దీక్ష తీసుకోవడానికి దాదాపు యాభై ఏళ్ళ ముందు సంగతి ఇది. ఆయన 1954లో కె.జి.ఎఫ్. వచ్చినప్పుడు ఎదురొచ్చింది ఈ మనుషుల పిల్లలే. బంగారం గని అని విన్నప్పుడల్లా మనకు ఇటుకలుగా పేర్చిన బంగారం బొమ్మే తోస్తుంది. సీసపు అక్షరాలు పేర్చిన ఆ అచ్చాపీసు తోచదు. పరిశ్రమల మ్యూజియం అంటూ ఒకటి పెడితే అందులో డ్రిల్లు పక్కన ఆ కంపోజింగు పెట్టె ఉండాలని మా పట్టు. ఎందుకంటే పరిశ్రమ అక్కడ తయారుచేసిన వస్తువు బంగారం ఒక్కటే కాదు. తలెత్తుకున్న ఒక దళిత తరం కూడా ఆ లైన్లలోనే తయారైంది. కంపెనీ దాన్ని తయారు చెయ్యాలనుకోలేదు, అయినా తయారైంది.

ఇక్కడే మార్క్సిస్టు మిత్రులు లేచి, 'వాళ్ళు కార్మికులుగా పోరాడారు గదా, మీరు కులంగా ఎందుకు చీలుస్తారు' అంటారు. 1990లలో ఈ మాట మేం వినని సభ లేదు, ఇప్పటికీ వింటున్నాం. చీల్చింది మేం కాదు. లోపలికి దిగే పని, ధూళి పీల్చే పని, మలం ఎత్తే పని ఎవరికివ్వాలో ముందే చీల్చి ఉంది. 1946 నవంబరులో పోలీసులు కాల్చి చంపిన గని కార్మికులను ఎర్రజెండా తన అమరులంటుంది. అనాలి కూడా, ఆ జెండా పట్టుకునే వాళ్ళు పోయారు. ఏటా వాళ్ళ సమాధుల దగ్గర నిలబడేదీ ఆ కార్మికుల వారసులే. కానీ ఆ శవాలు ఏ వాడకు చేరాయో చెప్పకపోతే కథ సగమే. ఓడ్డాలో కార్మికుడి కొడుకు ఇంజనీరయ్యాడంటే వర్గం మారాడని చెప్పుకుంటారు. కె.జి.ఎఫ్.లో కార్మికుడి కొడుకు ఇంజనీరయినా బెంగుళూరులో ఇల్లు అద్దెకు అడిగితే మొదటి ప్రశ్న వేరే ఉంటుంది. అందుకే నార్వే మ్యూజియం పద్ధతిని ఎత్తుకొచ్చి ఇక్కడ దింపితే చాలదంటున్నాం.

బెంగుళూరులో పరిశ్రమల మ్యూజియం లేకపోలేదు. 1965లో తెరిచిన విశ్వేశ్వరయ్య పారిశ్రామిక, సాంకేతిక మ్యూజియం అది. పిల్లలు బస్సుల్లో వచ్చి మీటలు నొక్కి ఆడుకుంటారు, ఆడుకోవాలి. మా తగువు పిల్లలతో కాదు, పేరుతో. విశ్వేశ్వరయ్య 1912 నుంచి మైసూరు దివాను. పెద్ద ఇంజనీరు, కాదనం. బ్రాహ్మణేతర కులాలకు ప్రభుత్వ ఉద్యోగాల్లో చోటివ్వడం కోసం 1918లో మహారాజు మిల్లర్ కమిటీని వేస్తే, దానితో పొసగక దివాన్‌గిరీ వదులుకున్నది కూడా ఆయనే. ప్రతిభ దెబ్బతింటుందని ఆయన భయం. నీటిని ఎక్కడ ఆపాలో, ఎవరి పొలానికి మళ్ళించాలో తెలిసిన బుర్రకు, కొలువులు కూడా తరతరాలుగా ఒకే కాలవలో పారుతున్నాయని ఎందుకు తట్టలేదు? ఈ ప్రశ్న కూడా ఆ మ్యూజియంలో ఒక మూల ఉండాల్సిన ప్రదర్శన. మీట నొక్కితే గేటు తెరుచుకునే నమూనాలు పిల్లలకు బాగా అర్థమవుతాయి.

తెలుగు నేల మీద మనకున్న ఉదాహరణ నాగార్జునసాగరం. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేస్తూ నెహ్రూ దాన్ని దేవాలయంతో పోల్చాడు. ఆయన ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ దేవాలయం అనగానే నిలబడిపోయే కాళ్ళు కొన్ని ఈ దేశంలో ఉన్నాయని ఆయనకు తోచలేదు. గుడి కట్టేటప్పుడు రాళ్ళు మోసేది మనం, కట్టాక లోపలికి రాకూడనిదీ మనం. ఆ పోలిక అనుకోకుండానే నిజమైంది. సిమెంటు కాంక్రీటు బదులు రాతికట్టడం ఎంచుకున్నారు కాబట్టి ఆ డ్యాం వేలాదిమంది చేతుల మీద లేచింది. 124 మీటర్ల ఎత్తుకు తట్టల్లో ఎక్కింది. పాలమూరు కూలీలు, వడ్డెరలు, మాల మాదిగలు. 1967లో నీళ్ళు వదిలారు, ఆ తర్వాత టర్బైన్లు తిరిగాయి. జలాశయం మధ్య నాగార్జునకొండ మీద మ్యూజియం ఉంది. మునిగిపోయే లోయలో నుంచి ఇక్ష్వాకుల కాలపు స్తూపాలను, విహారాలను రాయి రాయి విప్పి పైకి తెచ్చి మళ్ళీ పేర్చారు. అది గొప్ప పని. పైగా బుద్ధుడి ఆనవాళ్ళు కాబట్టి మనకు అది పుట్టింటి సొమ్ము. కానీ అదే లోయలో నుంచి లేచిపోయిన ఊళ్ళ మాటేమిటి? 1,700 ఏళ్ళ కిందటి ఇటుకకు దక్కిన శ్రద్ధ, నిన్నటి దాకా అక్కడ పొయ్యి రాజేసిన ఇంటికి దక్కలేదు. లాంచీలో కొండకు పోయేవాళ్ళు, కింద నీళ్ళలో ఏ వాడ ఉందో తెలియకుండానే దాని మీదుగా పోతారు.

ఇంతకీ జలవిద్యుత్తు చరిత్రలో మనం మోసినవాళ్ళం, మునిగినవాళ్ళం మాత్రమేనా? కాదు. ఈ దేశపు విద్యుత్ విధానాన్ని గీసినవాళ్ళలో మనవాడున్నాడు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరుగా అంబేడ్కర్ చేతుల్లో కార్మిక శాఖతో పాటు విద్యుత్తు, నీటిపారుదల కూడా ఉండేవి. 1943 అక్టోబరులో యుద్ధానంతర విద్యుత్ విధానం మీద మాట్లాడుతూ, చవకగా సమృద్ధిగా కరెంటు లేనిదే పరిశ్రమలు రావని, పరిశ్రమలు రానిదే జనం దరిద్రపు గిరగీతలోంచి బయటపడరని వాదించాడు. కేంద్ర సాంకేతిక విద్యుత్ బోర్డు, 1945లో కేంద్ర జలమార్గాలు, నీటిపారుదల కమిషను ఆయన హయాంలో వచ్చాయి. దామోదర్ లోయ పథకానికి పునాది చర్చలు ఆయన నడిపాడు. 1927లో మహద్ చెరువులో దోసెడు నీళ్ళు తాగే హక్కు కోసం నిలబడిన మనిషి, పదహారేళ్ళకు నదులను ఏం చెయ్యాలో తేల్చే బల్ల దగ్గర కూర్చున్నాడు. ఏ మ్యూజియంలోనైనా ఇంతకంటే పెద్ద ప్రదర్శన ఏముంటుంది? అయినా డ్యాముల కథ అనగానే నెహ్రూ, ఖోస్లా, విశ్వేశ్వరయ్యల వరుస వస్తుంది. అంబేడ్కర్‌కు రాజ్యాంగం చేతికిచ్చి చౌరస్తాలో నిలబెట్టారు గానీ, కరెంటు ఆఫీసులోకి రానివ్వలేదు.

అయితే మన మ్యూజియం మనకొక గుడి కాకూడదు. లేబర్ మెంబరుగా ఆయన కాలంలోనే, 1943లో, యుద్ధానికి బొగ్గు కావాలని ఆడవాళ్ళు గనుల్లోకి దిగకూడదన్న నిషేధాన్ని సడలించారు. శాసనసభలో సభ్యులు నిలదీస్తే ఆ నిర్ణయాన్ని సమర్థించే పని ఆయన మీద పడింది. 1946లో మళ్ళీ నిషేధం పెట్టారు. ఆ మూడేళ్ళు లోపలికి దిగిన ఆడవాళ్ళు ఎక్కువగా ఏ కులాలవాళ్ళో, ఏ తెగలవాళ్ళో చెప్పనక్కర్లేదు. ఇది కూడా గోడ మీద ఉండాలి. ఆయన రాజీలు, ఆయన్ను కట్టేసిన యుద్ధ ప్రభుత్వం, ఆ ఆడవాళ్ళ ఊపిరి, మూడూ ఒకే పలక మీద రాయాలి. మనకు ఇబ్బందైనవి దాచుకుంటే, వాళ్ళు మనల్ని దాచిన పద్ధతినే మనం నేర్చుకున్నట్టు.

టిస్సెడాల్ నుంచి మేం తీసుకోదలచింది కార్మికుడి ఇంటిని. కె.జి.ఎఫ్.లో లైన్లు ఇంకా ఉన్నాయి, మనుషులు ఉన్నారు. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. కుప్పం పక్కన చిత్తూరు జిల్లాలో అదే ప్రభుత్వ కంపెనీ నడిపిన చిగరగుంట గని కూడా అప్పుడే ఆగింది. ఆ గనిలో పనిచేసినవాళ్ళు తెలుగువాళ్ళు, మనం బస్సెక్కి పోయి మాట్లాడగల దూరంలో ఉన్నారు. వాళ్ళకిప్పుడు వయసు మీద పడుతున్నది, రొమ్ములో ధూళి ఉన్నవాళ్ళు అంత ఆగరు. సయనైడు కలిపి బంగారం తీసేశాక మిగిలిన మట్టి కొండల్లా పోగుపడి ఉంది. ఎండాకాలం గాలి లేస్తే ఆ దుమ్ము వచ్చి లైన్ల మీదే పడుతుంది. సినిమా వాళ్ళకు ఆ దిబ్బలు బాగా పనికొచ్చాయి. కె.జి.ఎఫ్. అనే పేరుతో 2018లో, 2022లో వచ్చిన సినిమాలు చూసి మన పిల్లలు ఈలలు వేశారు. ఆ పేరుకు ఇప్పుడు ఒకడే హీరో, వాడు ఏ లైన్లో పుట్టాడో సినిమాకు అవసరం లేదు.

మూతపడ్డ తర్వాత కె.జి.ఎఫ్. మనుషుల బతుకు రైలు మీద పడ్డది. రోజూ తెల్లవారకముందే వేలమంది బెంగుళూరు రైలెక్కుతారు. సెక్యూరిటీ గార్డులు, ఆస్పత్రి ఆయాలు, బట్టల ఫ్యాక్టరీ ఆడపిల్లలు, కంప్యూటర్ కంపెనీల్లో చిన్న ఉద్యోగులు. రాత్రి తొమ్మిదికో పదికో తిరిగొస్తారు. టిఫిను డబ్బాలు, నిద్రలు, చీట్ల పాటలు అన్నీ ఆ పెట్టెల్లోనే. ఒకప్పుడు నది నుంచి గనికి కరెంటు పోయింది, ఇప్పుడు గని నుంచి పట్నానికి మనుషులు పోతున్నారు. మారికుప్పం స్టేషనులో పొద్దున్నే టికెట్టు గూటి ముందు నిలబడితే, అయోతీదాసు పత్రిక చదివినవాళ్ళ మునిమనవళ్ళు ఒక్కొక్కరే వరసలో కనిపిస్తారు.